పెట్టె అరిచిన చోటు

"పది నిమిషాలు ఆలస్యం, సర్పంచ్ గారూ," అంది బసవమ్మ వాచీ చూసుకుంటూ.

ఆ వాచీని చూస్తేనే బాపురావుకు ఒళ్ళు మంట. మిలిటరీలో పనిచేసి పోయిన మొగుడిదట. ఆమె ముంజేతికి కడియంలా వేలాడుతుంటుంది. గుంటూరు నుంచి వచ్చి ఎడపల్లిలో నాలుగెకరాలు కొన్న మనిషి, ఊరందరికీ టైము నేర్పుతుంది!

పంచాయితీ మాత్రం పాతదే. ఇద్దరి చెరుకు తోటల మధ్య నాలుగు మూరల పట్టీ. దాని మీదుగానే బసవమ్మ పొలానికి నిజాంసాగర్ నీళ్ళు వెళ్తాయి. బాపురావు ప్రతి దుక్కికీ ఒక చాలు అటు జరిగాడు. పోయిన ఎండాకాలం హద్దురాయికి కూడా కాళ్ళొచ్చాయి.

"రాయి యాడుంటే హద్దు గాడనే," అన్నాడు బాపురావు.

"రాయి నడిచింది కదా, అన్నయ్యగారూ."

"నడుస్తుంటే సూసినవా?"

చూడలేదు. పట్వారీ దగ్గరి పొలాల నక్షాను ఎలుకలు కొట్టేశాయి. సర్పంచ్ భోజన్న కండువా దులుపుకుని లేచాడు.

"ఆరోసారి కూసున్న. ఇద్దర్ల ఎవలో ఒకలు నాది కాదని రాసిస్తే తప్ప గిది తెగది."

బాపురావు మీసం దువ్వుకున్నాడు. రాసిచ్చే పిచ్చోడెవడు? నెల తిరిగేసరికి ఆ కాలువ పూడ్చేస్తాడు. నీళ్ళు లేని చెరుకును ఆమె పొయ్యిలో పెట్టుకోవలసిందే.

ఆ వారమే ఊళ్ళోకి జీపొచ్చింది. హైదరాబాద్ నుంచి పరిశోధకుడు రామ్‌దాస్ దిగాడు. చేతిలో ఇనుప పెట్టె, దానికి తీగ, తీగ చివర గొట్టం. ప్రయోగానికి బసవమ్మ తోటే నచ్చిందట. బాపురావు గట్టు మీద నిలబడి అంతా చూస్తున్నాడు.

బసవమ్మ గుమ్మంలో రామ్‌దాస్ పెట్టె మీట నొక్కాడు. అది టకటకమని అరిచింది. అతను ఉలిక్కిపడి అటూ ఇటూ చూసి, ఆమె దగ్గరకొచ్చి మెల్లగా ఏదో చెప్పాడు. బసవమ్మ నవ్వి, లోపలికి వెళ్ళి, చేతులూపుకుంటూ బయటికొచ్చింది. పెట్టె నోరు మూసుకుంది.

'గూడుపుఠాణీ ఏందో ఉన్నది,' అనుకున్నాడు బాపురావు.

రామ్‌దాస్ ఊరివాళ్ళకు వివరించాడు. నలభై దుబ్బుల మొదట్లో కిరణాలున్న ఎరువు చిటికెడు వేస్తాడు. అది వేరులోంచి ఆకులోకి ఎక్కుతుంటే పెట్టె పసిగట్టి అరుస్తుంది. ఏ చెరుకు ఎంత తిన్నదో తెలిసిపోతుంది.

"ముట్టుకోకండి, చాలు. పద్నాలుగు రోజుల్లో సగం బలం పోతుంది," అన్నాడు.

బాపురావు మొదటి మాటే విన్నాడు. హోటల్లో చాయ్ తాగుతూ ప్రచారం మొదలుపెట్టాడు. "ఆమె చెరుకు నమిలితె కడుపుల దీపం ఎలుగుతదంట!"

ఎనిమిదో రోజు రామ్‌దాస్ కొలతలకు వచ్చాడు. ఊరు ఊరంతా గట్టెక్కింది.

"టైమెంతయింది, బాబూ?" అడిగింది బసవమ్మ.

"పదకొండు, అమ్మా."

పెట్టె మామూలు దుబ్బుల దగ్గర టక్... టక్... అంది. ఎరువు తిన్న దుబ్బుల దగ్గర టకటకలాడింది. రామ్‌దాస్ పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

"ఆ పట్టీ కూడా ఓసారి చూడండి, బాబూ. నీళ్ళతో పాటు మందు పాకిందేమో, నాకు భయంగా ఉంది."

"పాకదమ్మా," అంటూనే వెళ్ళాడు. హద్దురాయి దగ్గర పెట్టె గుండెలు బాదుకుంది. రామ్‌దాస్ ముఖం పాలిపోయింది.

"ఇక్కడ నేను మందే వెయ్యలేదు!"

జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. బాపురావు ఆరు వేశాడు.

"రూలు ప్రకారం ఈ నేల ఎవరిదైతే వాళ్ళ పొలమంతా కంచె వేయించాలి. నిలిచిన పంట కొయ్యకూడదు. ఎవరిదిది?" అడిగాడు రామ్‌దాస్.

బాపురావుది ఎనిమిదెకరాల చెరుకు. వచ్చే వారమే ఫ్యాక్టరీకి కోత.

"నాలుగేళ్ళుగా అన్నయ్యగారు తనదేనంటున్నారు. ఆడదాన్ని, నేనేం చెప్పను?" అంది బసవమ్మ తల దించుకుని.

"నాదా? ఎవడన్నడు?"

"నువ్వే," అన్నాడు భోజన్న. "ఆరు పంచాయితీలల్ల."

"గప్పుడు మతి లేకుండె, అన్నా! గా రాయి జరిపింది నేనే. ఒట్టు! గీ జాగ అక్కదే, గా కాలువ అక్కదే. తే కాయిదం, రాసిస్త!"

భోజన్న మోకాలి మీదే పంచనామా రాశాడు. బాపురావు సంతకం పెట్టి, కింద వేలిముద్ర కూడా వేశాడు. రాయిని పాత చోటికి జరుపుతానని వంగబోయి, పెట్టె వంక చూసి ఆగిపోయాడు.

"పాపం, అక్కా," అన్నాడు జాలిగా. అతని పెదవి మీద నవ్వు ఆగడం లేదు.

"తవ్వి మట్టి తీసుకుంటాను. పార కావాలి," అన్నాడు రామ్‌దాస్.

"పార ఇంట్లో ఉంది, బాబూ. ఎలాగూ వెళ్తున్నారు, అందరూ భోజనాలు కానిచ్చి రండి. మా కోడలు వడ్డిస్తుంది. పప్పుచారు చల్లారిపోతుంది."

భోజనం మాట వినగానే ముందుగా కదిలింది బాపురావే. వెనకే సర్పంచ్, పెట్టె చంకన పెట్టుకుని రామ్‌దాస్, ఆ వెనక ఊరు.

వాళ్ళు తోట మలుపు తిరిగాక బసవమ్మ హద్దురాయి పక్కన రెండు వేళ్ళ లోతు మట్టి తీసి, మొదటి రోజు గుమ్మంలో పెట్టెను అరిపించిన మొగుడి రేడియం అంకెల వాచీని కొంగుతో తుడిచి చేతికి పెట్టుకుని, టైము చూసుకుంది.