అత్తగారి చూపు

“మళ్ళీ ఊడింది చూడండి!” కోడలు అరచెయ్యి చాపింది. అందులో గోరంత అద్దం బిళ్ళ తళుక్కుమంటోంది.

భర్త పేపరు చదువుతున్నవాడల్లా తల ఎత్తాడు. “ఎక్కడిదది?”

“పంతులమ్మగారి కూతురి పెళ్ళి లంగాది. నిన్ననే అత్తయ్య కుట్టింది. మడత పెడదామని ఇలా ఎత్తానో లేదో, జారిపడింది.”

అతనికి నమ్మబుద్ధి కాలేదు. అద్దాల పనిలో వాళ్ళమ్మది చెయ్యి తిరిగిన పనితనం. ఆవిడ కుట్టిన జాకెట్టుకి గుడ్డ చిరగాలే గాని అద్దం ఊడదని వీధంతా చెప్పుకుంటారు. అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి అందరూ అద్దాలమ్మ అనే పిలుస్తారు.

“పాపం, చూపు తగ్గినట్టుంది,” అంది కోడలు గొంతు తగ్గించి. “బిళ్ళని పట్టి ఉంచే కట్టుదారాలు మరీ అంచుకి పడుతున్నాయి. ఇంక పట్టు ఎక్కడుంటుంది?”

“అమ్మతో చెప్పనా?”

“అయ్యో, వద్దండీ! కళ్ళు ఆనడం లేదంటే ఆవిడ సూది కింద పెట్టేస్తుంది. ఆ సూదే ఆవిడ ప్రాణం. అలాగని ఊరుకుంటే పెళ్ళిలో అద్దాలు జలజలా రాలతాయి. ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది.”

“మరేం చేస్తావు?”

“నేనే విప్పి కుడతాను.”

అతనికి నవ్వు ఆగలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ముచ్చటపడి సూది చేతికిస్తే, “సూదికీ నాకూ ఆమడ దూరం అత్తయ్యా” అని తప్పించుకున్న మనిషి ఈవిడే. ఆ తర్వాత చొక్కా గుండీ ఊడినా మొగుడే కుట్టుకున్నాడు.

అవసరం ఎంత పనైనా చేయిస్తుంది. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చగానే కోడలు లంగా పట్టుకుని కిటికీ దగ్గర చేరేది. వేళ్ళకి పోట్లు, దారానికి చిక్కులు. మంచం కిర్రుమంటే చాలు, అన్నీ ఎక్కడివక్కడ సర్దేసి ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆమె అదృష్టం కొద్దీ అత్తగారికి ఈమధ్య కుడుతూ తనలో తాను మాట్లాడుకునే అలవాటు పట్టుకుంది. “ముందు అడ్డంగా, నిలువుగా కట్టుదారం. దాని మీద మూలమూలలకీ ఇంకోటి. కాస్త లోపలికి వెయ్యాలి, బిగించాలి. చుట్టూ కుట్టు ఆ తర్వాతే...” అని గొణుక్కుంటూనే వదులుగా కుట్టేసేది.

పని నోటికి గుర్తుండి చేతికి అందకపోవడం చూస్తే కోడలికి జాలేసేది. పక్కన బఠాణీలు ఒలుస్తూ ఒక్క ముక్క పొల్లుపోకుండా వినేది.

రానురాను వేళ్ళు మాట వినసాగాయి. ఒకరోజు అత్తగారు పడుకోవడం ఆలస్యమైతే, ఎప్పుడెప్పుడు సూది పట్టుకుందామా అని కోడలే గడియారం వంక చూసింది. తన తొందరకి తనకే సిగ్గేసింది.

పంతులమ్మగారు రానే వచ్చింది. లంగాని వెలుగులో పట్టి చూసింది. అటూ ఇటూ దులిపింది. ఒక్క అద్దం కదిలితే ఒట్టు.

“మీ చేతికి వయసు రాలేదండీ అద్దాలమ్మగారూ!”

“ఏదో, మీ అభిమానం,” అంది అత్తగారు.

తన పేరు ఎవరూ ఎత్తకపోయినా కోడలి మనసు నిండిపోయింది. వచ్చినావిడని సాగనంపి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

కొడుకు ఇంక ఉండబట్టలేక తల్లి పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, కోప్పడకు. నీకు చూపు సరిగ్గా ఆనడం లేదు. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

తల్లి వంటింటి వైపు ఓసారి చూసి, అతని చెవి దగ్గరికి వంగింది.

“అప్పుడే వద్దురా, నీ పెళ్ళానికి ఇంకా అంచు కుట్టు రాలేదు.”