వెనక్కి తిప్పండి

"వీలైన చోట వెనక్కి తిప్పండి" అంది కారు అద్దానికి అతికించిన జీపీఎస్ పెట్టె.

"ఇన్నావా? అదే సెప్తంది" అన్నాడు భూషణం హుషారుగా.

"పెద్ద వింతేటండీ! రెండేళ్లుగా మీరు పాడేదీ ఆ పాటే కదా" అంది స్వర్ణకుమారి.

కూతురు హెప్సిబా దోర్నపాల్ అవతలి గిరిజన పల్లెలో బుధ్రాని పెళ్లి చేసుకున్న రోజున, ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు కిరండూల్ రైలు డ్రైవరు భూషణం. భార్యకీ ఒట్టు పెట్టాడు. మనవడు పుట్టాడని తెలిసి ఆవిడ అన్నం మానేస్తే గానీ కారు తీయలేదు. అదీ, తనకు తోవ తెలియదంటూ ఈ పెట్టె కొన్నాక. పెట్టెకేమో ఆ పల్లె ఉన్నట్టే తెలియదు.

"వీలైన చోట వెనక్కి..."

స్వర్ణకుమారి వైరు పీకేసింది.

"ఇప్పుడు తోవెవడు సెప్తాడే?"

"దేవుడిచ్చిన నోరుంది. ఆపండి, దిగి అడుగుతాను."

భూషణం ఆపలేదు. పెట్టె ఖరీదు గురించి గొణుక్కుంటూనే ఇటుకబట్టీ దగ్గర ఎడమకు తిప్పాడు. మలుపు అవతలి గొయ్యి కనబడకముందే బ్రేకు నొక్కాడు. నీలం తలుపున్న ఇంటి ముందు బండి ఆపి దిగాడు.

నల్లకుక్క ఒకటి పరిగెత్తుకొచ్చింది. స్వర్ణకుమారిని చూసి మొరిగింది. భూషణం కాళ్లకు చుట్టుకుని తోకాడించింది. అతని చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి, సగం బయటికొచ్చిన బిస్కెట్టుతో అక్కడే ఆగిపోయింది.

"అయితే" అంది స్వర్ణకుమారి, "ఒట్టు నాకొక్కదానికేనన్నమాట."