నీలం గీతల డ్రాయరు

మూడో అంతస్తు బాల్కనీలో మగవాడి డ్రాయరు ఆరుతోంది. నీలం గీతలది. పెద్ద సైజు.

వీధి అవతల కూల్‌డ్రింకుల మిషను పక్కన నిలబడి ఇనుజుకా దాన్ని చూశాడు. గీతలవి అతను ఎన్నడూ తొడగలేదు.

ఉద్యోగం అతన్ని నగోయాలో కట్టిపడేసింది. ఒసాకా రావడానికి శనివారాలే వీలు. మిగతా ఆరు రోజులు మినోరి ఏం చేస్తుందో తెలియదు. శనివారం మాత్రం అన్నీ తెలుసు. ఏ రైలు దిగుతుందో, నూడుల్స్‌లో ఉల్లికాడలు ఎలా ఏరి పక్కన పెడుతుందో, వాన పడితే ఏ మోకాలు నొక్కుకుంటుందో. ఆమె గురించి ఇంత తెలిసినవాడు భూమ్మీద ఇంకొకడు లేడని అతని గర్వం.

అలాంటిది, ఇప్పుడు ఈ గుడ్డముక్క. వరసగా మూడో శనివారం. అదే డ్రాయరు.

'వెధవకి ఉన్నది ఒక్కటే కాబోలు' అనుకున్నాడు. కొన్నప్పటి మడతలు కూడా చెరగలేదు. ఒళ్లు వంచని రకం. బానపొట్ట, పనిలేని బతుకు, ఆమె వండిపెడితే మింగే నోరు. ఇనుజుకా ఒక్క డ్రాయరులోంచి మొత్తం మనిషిని కుట్టేశాడు. ఆ మనిషి కోసం తనను మోసం చేసిందని పళ్లు నూరాడు.

పైకెళ్లి తలుపు కొట్టొచ్చు. కానీ ముందు వాడెవడో తేలాలి.

ఆ భవనం కిందనే లాండ్రీ. నడిపేది తత్సుఎ అనే ముసలావిడ. ఇనుజుకా సంచిలోంచి చొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చాడు.

"మూడో అంతస్తులో కాపురం జోరుగా ఉన్నట్టుందే, మామ్మగారూ."

"కాపురమెక్కడిది నాయనా? ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది."

"మరి ఆ డ్రాయరు?"

ముసలావిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వింది. "మా ఆయన కోసం కొన్నాను. తొడక్కుండానే పోయాడు మహానుభావుడు. నేనే ఇచ్చా, ఆరేసుకోమని. ఇంట్లో మగాడున్నాడనుకుంటే పనికిమాలినవాళ్లు దగ్గరికి రారుగా."

"పనికిమాలినవాళ్లు ఎవరు?"

"ఎవడో వెంటపడుతున్నాడట. స్టేషన్ నుంచి వెనకాలే వస్తున్నట్టుంటుందట. పాపం, నిద్రే పోవడం లేదు."

ఇనుజుకా బల్ల మీదికి వంగాడు. "చూసిందా వాణ్ణి?"

"చూస్తే పోలీసులకి పట్టివ్వదూ?"

"నా చేతికి చిక్కితే ఎముకలు విరిచేస్తాను."

"విరువు నాయనా, పుణ్యముంటుంది. నా డ్రాయరూ నాకొస్తుంది."

వీధిలోకి వచ్చేసరికి ఇనుజుకా గుండె దూదిపింజలా తేలికైంది. మినోరి ఏ తప్పూ చేయలేదు. రెండు వారాలుగా ఆమెను ఎంత నీచంగా ఊహించుకున్నాడు. బంగారంలాంటి మనిషిని. పైగా ఆమెను ఏడిపించే ఆ దౌర్భాగ్యుడెవడో, వాడి సంగతి తరవాత చూడాలి.

మూల కొట్టులో ఆమెకిష్టమైన చెస్ట్‌నట్ కేకులు ఆరు కొన్నాడు. రిబ్బను కట్టించాడు. మెట్లెక్కుతూ మాటలు వరస పెట్టుకున్నాడు. 'నిన్ను అనుమానించాను, క్షమించు. ఇక భయపడకు. నేనున్నాను.'

గంట నొక్కాడు.

గొలుసు తీయకుండానే తలుపు బెత్తెడు తెరుచుకుంది. మినోరి మొదట కేకుల పెట్టెను చూసింది. తరవాత అతని ముఖాన్ని చూసింది.

"ఎవరండీ మీరు?" అంది.