రెండు మూరల లోతు

"ఎవడో ముసలాడు మన గోడ గీకుతున్నాడు!" అంటూ సనియ్యా లోపలికి పరుగెత్తుకొచ్చింది.

ఆమె మొగుడు మహ్రూస్ తింటున్న రొట్టె పక్కన పడేసి లేచాడు.

ఆ గోడ అలాంటిలాంటి గోడ కాదు. కొడుకు పెళ్ళి కోసం నిరుడు కట్టిన గదిది. గది లేనిదే పిల్లనివ్వనని వియ్యంకుడు ముందే తెగేసి చెప్పాడు. పెళ్ళి ఇంకా పదిహేను రోజులుంది.

ఆ గదిమీదే పురావస్తు ఆఫీసు కన్ను పడింది.

ఊరి చివర ఆరిళ్ళు. వాటిని ఆనుకునే ఒకప్పటి ఈజిప్టు రాజు ఫరో రాజధాని శిథిలాలు. అఖెతాతెన్ అని పేరు మాత్రం పెద్దది. పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా కాపురం లేని ఊరు. అలాంటిది, మూడు వేల ఏళ్ళ తరవాత బతికున్నవాళ్ళ ప్రాణాలు తోడేస్తోంది! ఈ ఆరిళ్ళ కింద కూడా పాత గోడలున్నాయని ఆఫీసువాళ్ళ అనుమానం. కూలగొడతామని నోటీసులు అంటించి పోయారు.

అందుకే ఆ వరసలో ఎవరూ గునపం ముట్టరు. పందిరి గుంజ పాతాలన్నా భయమే. ఒక్క పాత ఇటుక బయటపడిందా, కొంప మునిగినట్టే.

మహ్రూస్ బయటికొచ్చేసరికి ముసలాయన గది మూల దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్ల తలపాగా, ఒంటిమీద మాసిన పొడుగు అంగీ గలాబియ్యా, చేతిలో కర్ర. శిథిలాల దిబ్బ దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడని పక్కింటి శహాతా అప్పటికే చాటింపు వేస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, దారి తప్పావా?"

"లేదు బాబూ, సరిగ్గానే వచ్చాను. ఈ గది ఎప్పుడు కట్టారు?"

"నీకెందుకు? పెళ్ళికొడుకువి నువ్వా?"

శహాతా పకపకా నవ్వాడు.

ముసలాయన కూడా కొంచెం నవ్వాడు. "ఈ చోటు నాకు తెలుసు బాబూ."

"తెలీకేం! మా పొయ్యి పక్కన ఎన్ని పిడకలున్నాయో కూడా మీ ఆఫీసువాళ్ళకి తెలుసు."

"ఆఫీసు మనిషిని కానయ్యా. ఈ మూల రెండు మూరలు తవ్వనివ్వండి, చాలు. మీ మంచికే చెబుతున్నాను."

"తవ్వుతాడట! విన్నారా, నా గదిలో తవ్వుతాడట!"

అయిదిళ్ళ జనం చుట్టూ చేరారు.

"ముందు అడుగులు కొలిచేవాడు వస్తాడు, వాడి వెనకే బుల్‌డోజర్ వస్తుంది. ఆ మాత్రం మాకు తెలీదనుకున్నావా?" అన్నాడు శహాతా.

"నా మాట వినండి నాయనా. వెనకటికి నేనిక్కడ తవ్వి..."

"మళ్ళీ తవ్వడమే!"

మహ్రూస్ ఆ కర్ర లాక్కుని దూరంగా విసిరేశాడు.

సనియ్యా గుమ్మంలోకి టీ గ్లాసుతో వచ్చింది. పగవాణ్ణయినా టీ ఇవ్వకుండా పంపరు ఆ ఊళ్ళో.

"ఎండన పడి వచ్చాడు. ఒక్క గుక్క తాగి పోనీవయ్యా."

"లోపలికి తీసుకుపో! ఇంటికి చిచ్చు పెట్టేవాడికి మర్యాదలా?"

ముసలాయన నడుము పట్టుకుని వంగి, కర్ర తీసుకున్నాడు.

"దేవుడు మీ ఇల్లు చల్లగా చూడాలి" అని వెళ్ళిపోయాడు.

"చూస్తాడ్లే, నువ్వంటూ పోతే!" అని వెనక నుంచి అరిచాడు శహాతా.

మహ్రూస్‌ని అందరూ భుజం తట్టారు. మగాడివంటే నువ్వేనన్నారు. సనియ్యా మాత్రం ఆ టీ మొగుడి కాళ్ళ దగ్గర పారబోసి లోపలికి పోయింది.

సోమవారం బుల్‌డోజర్ వచ్చింది.

వరసలో మొదటిది మహ్రూస్ ఇల్లే. ముందు కొత్త గది కూలింది, తరవాత పాత ఇల్లు. సనియ్యా చెంపలు వాయించుకుంటూ మట్టిలో కూలబడిపోయింది. వియ్యంకుడు కాసేపు నిలబడి చూసి, పలకరించకుండానే గాడిదెక్కి వెళ్ళిపోయాడు.

కూలీలు గది మూల తవ్వడం మొదలుపెట్టారు. ఇటుక లేదు, పెంకు లేదు. రెండు మూరల లోతులో ఒక గాజు సీసా దొరికింది. దానికి బిరడా, లోపల మడిచిన కాగితం.

ఆఫీసు ఇన్‌స్పెక్టర్ రజాయీ కాగితం విప్పి చదివాడు. యాభై ఏళ్ళ కిందటి తేదీ వేసి ఉంది.

"దిబ్బ నుంచి తూర్పుగా మూడు వందల అడుగుల మేర, కిందనున్న ఉత్త ఇసక తగిలేదాకా తవ్వాం. ఏ గోడలూ లేవు. మా తరవాత వచ్చేవాళ్ళు ఊరికే శ్రమపడకుండా ఈ గుర్తు వదిలి, గొయ్యి పూడ్చాం."

రజాయీ చెయ్యెత్తి బుల్‌డోజర్‌ని ఆపించాడు.

"మిగతా అయిదిళ్ళ జోలికి వెళ్ళకండి. ఇదంతా ఉత్త నేల."

శహాతా పెళ్ళాం సంతోషం పట్టలేక నాలుకాడిస్తూ కేక పెట్టింది. అంతలోనే సనియ్యాని చూసి నోరు మూసుకుంది.

మహ్రూస్ పరుగున వచ్చి రజాయీ చొక్కా పట్టుకున్నాడు. "ఈ ముక్క ముందే తెలిస్తే నా ఇల్లు ఉండేదిగా! ఎవడో ఒకడు చెప్పొద్దా?"

"ఎవడూ చెప్పలేదా?" రజాయీ వింతగా చూశాడు. "ఆ తవ్వకం కాగితాలు మా దగ్గర పోయాయి. నోటిమాట చెల్లదు, గుర్తు తీసి చూపించమని మొన్న బుధవారం ఆ ముసలాయన్ని మీ దగ్గరికే పంపాంగా!"

మహ్రూస్ చొక్కా వదిలేశాడు. రజాయీ దాన్ని సర్దుకుంటూ అన్నాడు.

"సాయంత్రం వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఊళ్ళోవాళ్ళు తవ్వనివ్వలేదా అని అడిగాను. 'అయ్యో, వాళ్ళు మంచివాళ్ళు బాబూ, నాకే ముసలితనంలో చోటు గుర్తు రాలేదు' అని చెప్పి తన ఊరు ఖిఫ్తుకి రైలెక్కాడు, మీ ఇళ్ళు కూలుస్తున్నారని విని తనంతట తానే అంత దూరం నుంచి వచ్చిన ఆ తవ్వకాల మేస్త్రీ."