మొదటి చరణం

“మిషిన్ ఇయ్యనంటే ఇయ్య. ఎన్నిసార్లు చెప్పాలె?” అన్నాడు బాలమల్లు.

“ఇయ్యకు. నెత్తి మీద పెట్టుకొని ఊరేగు,” అంది విమలమ్మ. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. “సచ్చేటోడు నీ ఆస్తి అడిగిండా? పాట అడిగిండు.”

“ఆ పాట పాడినామెను సంపిందే వాడు!”

గడప దగ్గర నిలబడ్డ సుగుణ తల వంచుకుంది. ఆ ఇంటి కోడలు హారిక ఇచ్చిన నీళ్ళ చెంబు ఆమె చేతిలో అట్లాగే ఉంది. పొద్దున మొదటి బస్సుకు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చింది. గంట నుంచి ఈ మాటలే వింటోంది. ఆ ‘వాడు’ ఆమె తండ్రి. పాట పాడింది ఆమె తల్లి భూమక్క. బాలమల్లుకు తోడబుట్టిన అక్క.

“మామా, దవాఖానోల్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. రేపటిదాక ఉంటడో ఉండడో. బువ్వ వద్దంటడు, మందు వద్దంటడు. అమ్మ పాట ఒక్కసారి ఇనిపియ్యుమంటడు. రికార్డు ఉన్నది, తిప్పే మిషినే లేదు. ఎల్లారెడ్డంత తిరిగిన. నీ కాళ్ళు మొక్కుత.”

బాలమల్లు మొహం తిప్పుకున్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళ కింద అతనికి మైక్‌సెట్ దుకాణం ఉండేది. నాట్ల పాటలు పాడే ఆడవాళ్ళను వెతుక్కుంటూ ఒక రికార్డు కంపెనీ వాళ్ళు వస్తే, అక్కను హైదరాబాదు తీసుకుపోయి పాడించింది అతనే. తబలా లేదు, హార్మోనియం లేదు. ఒట్టి గొంతు. కంపెనీ రెండు రికార్డులు పంపింది. ఒకటి అక్క అత్తగారింటికి, ఒకటి తమ్ముడికి. పెళ్ళిళ్ళ కాలం. వినే తీరిక కూడా లేక, దాన్ని పెట్టెలో వేసుకుని గాంధారి ఊళ్ళో పెళ్ళికి మైక్ కట్టడానికి పోయాడు. కబురు అక్కడికే వచ్చింది. కామెర్లతో అక్క పోయింది. సుగుణకు అప్పుడు ఏడాది.

పదకొండో నాడు ఆ రికార్డు మొదటిసారి పెట్టి విన్నాడు. మొదటి చరణంలోనే అక్క గొంతు వణికింది. ప్రతి మాటకూ వణికింది. రెండో చరణంలో కొద్దికొద్దిగా తమాయించుకుంది. ఆ తర్వాత దుఃఖమంతా దిగమింగుకున్నట్టు నిమ్మళంగా పాడింది.

అతను అప్పటికప్పుడు బస్సెక్కాడు. పదిమందిలో బావ చొక్కా గల్లా పట్టుకున్నాడు. “మా అక్కను ఏడ్పిచ్చి ఏడ్పిచ్చి సంపినవ్ గదరా!” బావ నోరు విప్పలేదు. ఆ మౌనమే సాక్ష్యం అనుకున్నాడు బాలమల్లు. బావ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని విన్నా కరగలేదు. సుగుణ పెళ్ళి పత్రిక వస్తే తిప్పి పంపాడు.

మైక్‌సెట్ నాటి దోస్తులు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తారు.

“ఎనకటి రికార్డులు కంచాల లెక్కుండె. తర్వాత వచ్చినయన్నీ అప్పడాలే,” అంటాడొకడు.

“అప్పడాలు చేసింది మల్లన్ననే. పెండ్లికాడ పెట్టెను ఎండకు ఇడిసిపెట్టి!” అని ఇంకొకడు నవ్వుతాడు.

ఆ నవ్వుల మధ్యనే బాలమల్లు భూమక్క రికార్డు తీస్తాడు. దాని అంచు కూడా కొంచెం లేచి ఉంటుంది. ముల్లు ఎగరకుండా దాని తల మీద చారాణ బిళ్ళ పెడతాడు. మొదటి చరణం వచ్చేసరికి ఎవరికీ నవ్వు ఉండదు. విమలమ్మ ఆడబిడ్డను చూడనే లేదు. అయినా ప్రతిసారీ కొంగు కళ్ళకు ఒత్తుకుంటుంది.

“బాపూ, పన్నెండింటికి కరెంట్ పోతది. ఏదో ఒకటి తేల్చు,” అన్నాడు కొడుకు శేఖర్.

బాలమల్లు లేచి మిషిన్ మూత తీశాడు. “మీ అమ్మ గొంతు ఎరుకేనా నీకు?”

“చిన్నప్పుడెప్పుడో హోటల్ల పెట్టిచ్చిండట నాయిన. యాదికి లేదు మామా.”

“ఇను. ఇన్నంక అడుగు.”

ముల్లు పెట్టాడు. భూమక్క గొంతు వణుకుతూ ఇల్లంతా పరుచుకుంది. సుగుణ గోడకు జారబడి కూర్చుంది. చాటలో విమలమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఇప్పుడు చెప్పు. ఇయ్యాల్నా?”

సుగుణ జవాబు చెప్పేలోపు ఆమె ఫోన్ మోగింది. విని, గబగబా సంచీ విప్పింది. రెండు పలకల నడుమ తువ్వాలలో చుట్టిన రికార్డు తీసింది.

“కండ్లు తేలేస్తున్నడట మామా. మిషిన్ వద్దు, ఏం వద్దు. నాయిన దాసుకున్నదిది. ఒక్కసారి పెట్టు, ఫోన్ల ఎక్కిచ్చుకొని ఉరుకుత.”

“ఏదైతేంది? రెండిట్ల ఉన్నది ఒక్కటే ఏడుపు,” అంటూ ముల్లు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు బాలమల్లు.

మొదటి చరణం సగంలో అతను వెనక్కి తిరిగాడు. దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాడు. మళ్ళీ విన్నాడు. మూడోసారి పెట్టబోతుంటే కరెంట్ పోయింది.

అతను వైరు పీకి, మిషిన్‌ను దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

“శేఖర్, ఆటో పిలువు. అందరం ఎల్లారెడ్డి పోతున్నం,” అన్నాడు మెల్లగా. “ఈ మిషిన్ ఇగ బావ పక్కనే ఉంటది. ఆయన ఉన్నన్ని గడియలు నేను కూడ ఆడనే ఉంట.”

“గిప్పటిదాక ఇయ్యనంటివి కదయ్యా!” అంది విమలమ్మ.

“అక్క ఏడ్వనే లేదు విమలా, వంగిన మన రికార్డే గట్ల వణికింది.”