సరుకన్నాక ఒక వంక

సెల్లార్‌లోని టమాటా క్రేట్లన్నీ బయట పడేయించిన రోజే రంగప్పకు అనుమానం పుట్టింది.

మదనపల్లె మార్కెట్ యార్డులో నలభై ఏళ్ళుగా వేలం పాట నడిపిస్తున్న మనిషి ఆయన. ఇల్లు రోడ్డు కన్నా పల్లంలో ఉండడంతో కింద సెల్లార్ కట్టించి, ఖాళీ క్రేట్లు పెట్టుకునేవాడు. ఇప్పుడు కొడుకు కిషోర్ అక్కడ హోం థియేటర్ చేయిస్తానంటున్నాడు.

"నీ కోసమే నాయనా. సినిమాలంటే నీకు పానం గదా. ఎంత సౌండు పెట్టుకున్యా పక్కింటోళ్ళు అడగరు."

రంగప్ప నమ్మలేదు. ఆయన సినిమా హాలు గడప తొక్కి రెండేళ్ళయింది. ఈ కాలం హీరోలు నోట్లో వక్క పెట్టుకున్నట్టు మాట్లాడతారని ఆయనకు కోపం. ఆ సంగతి కిషోర్‌కూ తెలుసు. తెలిసీ థియేటరా?

అసలు ఎత్తు వేరే ఉందని ఆయన గట్టి నమ్మకం. తనను ఆ చీకటి గదిలో కూర్చోబెట్టి, యార్డులో పాట వాడు నడిపిస్తాడు. పది రోజులుగా కిషోర్ పొద్దున్నే వచ్చి వేలంలో తన పక్కనే నిలబడుతున్నాడు. ఎందుకంటే "ఊరికే" అంటాడు. పొద్దెక్కినా దుప్పటి తీయని మనిషి ఊరికే లేస్తాడా?

దానికి తోడు సదుం నుంచి సరుకు తెచ్చిన రైతు గొడవ ఒకటి. అతని సరుకు పాట ఖాయమయ్యాక, వెనక నిలబడిన వ్యాపారి ఒకడు "నేను ఇంకా ఎక్కువకు అడిగితినే" అన్నాడట. రైతు తల బాదుకున్నాడు. పాట అయిపోయాక అందరూ ఎక్కువకే అడుగుతారని రంగప్ప కొట్టిపారేశాడు. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. తను గదిలోకి వస్తే చాలు, కిషోర్, కోడలు వాణి తేలు కుట్టిన దొంగల్లా గమ్మునైపోతున్నారు.

పుంగనూరు నుంచి షాహిద్ అనే పనివాడు వచ్చాడు. నెమ్మదస్తుడు. సెల్లార్ అంతా కొలిచి, కాగితం మీద గీతలు గీసి, నాలుగు గోడలకూ ఎనిమిది స్పీకర్లు బిగించి, శబ్దం బయటికి పోకుండా మందపాటి స్పాంజి పలకలు అంటించాడు. గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెవులు కూడా మూసేస్తున్నారంటే ఇక్కడ జరగబోయేది మంచి ముచ్చటేనా అనుకున్నాడు రంగప్ప.

ముందు వరుసలో, నట్టనడుమ, ఒకే ఒక్క పెద్ద కుర్చీ వేశారు.

"ఇది ఎవురికప్పా?"

షాహిద్ మాట్లాడకుండా కాగితం తెచ్చి చూపించాడు. కుర్చీ బొమ్మ మీద 'పెద్దాయన' అని రాసి ఉంది. అంటే తన చోటు ముందే రాసేసుకున్నారన్నమాట.

వాణి వచ్చి ఎదురుగా నిలబడింది. "మామా, గది నచ్చిందా?" అని గట్టిగా అడిగింది. ఈ మధ్య ఆమెకదో అలవాటు. అయితే గుసగుస, లేకపోతే వీధి వీధంతా వినపడే అరుపు. మామూలుగా మాట్లాడడమే మర్చిపోయింది.

"నచ్చిందిలేమ్మా. నేను ఈడ కూసుంటే యార్డుకు ఎవురు పోతారు?"

వాణి తల దించుకుంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే.

రంగప్పకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. పొద్దున్నే ఆ జనం మధ్య నిలబడి, చెయ్యెత్తి పాట ఖాయం చేసే ఆ రెండు గంటలే ఆయన బతుకు. అది కూడా పోతే తను ఎవరు? తన చురుకు ఇంకా తగ్గలేదని, ఈ గదిలోనే, వీళ్ళ ముందే తేల్చేయాలని నిశ్చయించుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి తెర బిగించడం అయింది. రంగప్ప వెళ్ళి దర్జాగా పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. కిషోర్, వాణి వెనక నిలబడ్డారు. షాహిద్ అటు తిరిగి, సినిమా ఆడించే నల్ల పెట్టె వెనకాల వంగి, ఏదో సణిగాడు. పని రానివాడికే సణుగుడెక్కువ అనుకున్నాడు రంగప్ప.

తెర వెలిగింది. గుర్రాలు దుమ్ము రేపుకుంటూ పరుగెత్తాయి. కత్తులు తగులుకున్నాయి. ఏనుగు తొండమెత్తింది. రంగప్ప కళ్ళు సగం మూసి, తల పంకిస్తూ కూర్చున్నాడు.

యార్డులో ఆయన నేర్చిన మొదటి పాఠం ఒకటుంది. సరుకు ఎంత మేలైనా ఏదో ఒక వంక పెట్టాలి. బాగుందని ఊరుకుంటే వీడికి సరుకు తెలీదనుకుంటారు.

"బాగుండాదప్పా," అన్నాడు. "ఏనుగు అరిస్తే గుండె దడ పుట్న్యాది. అయితే కుడిపక్క స్పీకరు రవంత తక్కువ పలుకుతాండాది. అది సరిసేయి."

షాహిద్ ఉన్నచోటే నిలబడిపోయాడు. వాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రంగప్ప ధీమాగా కొడుకు వైపు తిరిగాడు.

"ఇప్పుడు సెప్పు నాయనా. నేను యార్డుకు పనికిరానా? రేపట్నుంచి నా పక్కన వచ్చి నిలబడొద్దు."

కిషోర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓడిపోయినవాడికి ఆ మాత్రం రోషం ఉంటుందిలే అనుకున్నాడు రంగప్ప.

ఎనిమిది స్పీకర్లకూ తగిలించాల్సిన వైర్ల చుట్ట ఇంకా విప్పకుండా షాహిద్ చేతిలోనే ఉంది.