గడీ చూసిన రోజు

సంఘానికి భయపడి దొర పట్నం పారిపోయిండు. గడీ లోపల ఎట్లుంటదో ఊరోళ్లకు తిప్పి చూపెట్టే పని సంఘం పెద్ద సత్తయ్య నాకు చెప్పిండు. ఏండ్లకేండ్లు ఆ గడీ ఊడ్చింది నేనే గదా.

“ఇయ్యాల్టి సంది ఎవరికీ వంగేది లేదు, నడువుండ్రి!” అన్నడు సత్తయ్య. అందరం దర్వాజ దాటినం.

“గీ టేకు కంబాలు మన ఎడ్లు గుంజుకొచ్చినయే,” అని చూపెట్టిన.

“అండాలక్కా, గచ్చు అరికాళ్లకు ఎంత సల్లగున్నదే!” అన్నడు సత్తయ్య.

“ఉండదా మరి? సున్నంల మన ఇండ్ల కోడిగుడ్లే కొట్టి కలిపిన్రు.”

అందరు నవ్విన్రు. సత్తయ్య దొర ఉయ్యాలెక్కి ఊగుకుంట, “ఇగ దొరతనం సచ్చింది,” అన్నడు.

అంతల్నే పానగల్ దిక్కు నుంచి మిలిటరీ లారీల సప్పుడైంది. అందరు దొడ్డి తొవ్వన ఉరికిన్రు. నేను తలుపు సాటుకు నక్కిన.

జీపుల నుంచి దొర దిగిండు. నెత్తిమీద కొత్త తెల్లటోపి.

“ఈ ఊళ్లె సంఘపోళ్లు ఎవరో చెప్పు, కాల్చిపారేస్తం,” అన్నడు మిలిటరీ ఆఫీసరు.

దొర దర్వాజ ముంగట కిందికి చూసి పక్కున నవ్విండు.

“ఫికర్ లేదు సాబ్, పటాలాన్ని పక్కూరికి పంపుండ్రి. నేను లేకున్నా గడీ బయటనే చెప్పులిడిసి లోపలికి పోయిన్రు. వీళ్లేం సంఘపోళ్లు!”

లారీలు మళ్లినయి. ఊరు బతికింది.

పొద్దుగూకేవరకు ఒక్కొక్కరే వచ్చి ఎవరి చెప్పులు వాళ్లు తీసుకపోయిన్రు. సత్తయ్య జత ఒక్కటే ఆడ మిగిలింది. వరుసల అన్నిటికన్న ముందున్నది అదే.